మీ నాన్నగారు ఏ వయసులో పోయారు?



మన ఆసుపత్రి ఓ.పి.లో కొత్త కార్డు రాసేటప్పుడు నేను ఒక ప్రశ్న అడుగుతాను. "మీ నాన్నగారు ఉన్నారా? లేకపోతే ఏ వయసులో పోయారు? ఎలా పోయారు?" చాలామంది నొచ్చుకుంటారు. మోకాళ్ళ నొప్పికి వచ్చిన మనిషిని తండ్రి చావు గురించి అడిగితే ఎవరికి మాత్రం బాగుంటుంది? "అదంతా ఇప్పుడెందుకు సిస్టరమ్మా?" అంటారు. కొందరు కాసేపు ఆలోచించి, "నిద్రలోనే పోయారండి. మంచి చావు" అంటారు.

ఆ మాట వింటే నాకు ఇప్పటికీ లోపల కలుక్కుమంటుంది. మా ఇంట్లోనూ అదే అనుకున్నాం.

1989లో మా నాన్న పోయారు. ఆయనకు 52 ఏళ్ళు. రాత్రి భోజనం చేశాక ఛాతీలో మంటగా ఉందంటే అమ్మ సోడా తెప్పించి ఇచ్చింది. తెల్లవారేసరికి లేరు. అప్పుడు నేను నర్సింగు మూడో సంవత్సరంలో ఉన్నాను. గుండె గదులు, రక్తనాళాలు నోట్సులో రంగు పెన్సిళ్ళతో వేసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా ఆ రోజు వచ్చినవాళ్ళంతా "ఎవరితోనూ చేయించుకోకుండా పోయాడు, అదృష్టవంతుడు" అంటుంటే నేను కూడా తల ఊపాను. ఎందుకు పోయారని మేము ఎవరమూ అడగలేదు.

2016లో మా తమ్ముడు పోయాడు. వాడికి 46 ఏళ్ళు. స్కూలు టీచరు. సన్నగా ఉండేవాడు, సిగరెట్టు ముట్టలేదు, మందు ఎరుగడు. చూడవచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట: "ఇంత పద్ధతిగల మనిషికి గుండెపోటు ఏమిటి?" తరువాత వాడి బల్ల సొరుగు సర్దుతుంటే ఒక చీటీ దొరికింది. 2013లో ఎక్కడో ఉచిత వైద్య శిబిరంలో ఇచ్చినది. బి.పి. 154/98 అని రాసి, కింద "ఉప్పు తగ్గించాలి" అని ఉంది. అంతే. మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో లేదు. ఆ అంకెకు అర్థం ఏమిటో లేదు. తండ్రి గురించి అడిగిన గుర్తు లేదు. ఆ శిబిరం ఎవరు పెట్టారో నేను రాయను. ఎందుకంటే మేము పెట్టిన శిబిరాలలోనూ ఇలాంటి చీటీలు ఎన్నో రాశాము.

వాళ్ళను అని ఏం లాభం? అక్కను నేనున్నాను. ఎన్ని వేల చేతులకు పట్టీ కట్టి ఉంటానో లెక్క లేదు. క్రిస్మస్‌కు వచ్చిన తమ్ముడి ముందు అరిసెలు, జంతికలు పెట్టాను కానీ ఒక్కసారి కూడా వాడి చేయి పట్టుకుని బి.పి. చూడలేదు.

అందుకే ఈసారి "గుండెను కాపాడుకోండి" అనే మామూలు వ్యాసం రాయడం లేదు. నూనె తగ్గించండి, నడవండి అనే మాటలు మీకు తెలియనివి కావు. గోడల మీద బొమ్మలు కూడా ఉన్నాయి. గోడ మీద ఉన్నది అందరి గురించి. మీ గురించి ఏముందో మీకు తెలుసా అని అడుగుతున్నాను. మీ బి.పి. ఎంత? షుగరు ఎంత? నడుము కొలత ఎంత? మీ ఇంట్లో గుండెజబ్బు ఎవరికి, ఏ వయసులో వచ్చింది? "మొన్న చూశారండి, కొంచెం ఎక్కువ ఉందన్నారు" అనేది జవాబు కాదు. జీతం ఎంత అంటే "కొంచెం ఉంది" అని ఎవరైనా అంటారా?

కొంత పాత సంగతి చెప్పాలి. వయసు పెరిగితే బి.పి. పెరగడం మామూలే అని ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లే అనుకునేవారు. 1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో 5,209 మంది ఆడవారిని, మగవారిని ఎన్నుకుని, ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఎవరికి గుండెపోటు వచ్చింది, అంతకుముందు వారిలో ఏమేమి ఉన్నాయి అని రాసుకుంటూ పోయారు. బి.పి., కొలెస్టరాల్, సిగరెట్టు వంటివి ఉన్నవారికే ఎక్కువగా వస్తున్నదని అక్కడ తేలింది. "ప్రమాద కారకాలు" అని మనం ఇప్పుడు అంటున్న మాట 1961లో ఆ పరిశోధన నుండే వాడుకలోకి వచ్చింది.

అది అమెరికా కదా, మన పల్లెటూళ్ళలో కష్టపడి పనిచేసేవాళ్ళకు గుండెజబ్బులు ఏమిటి అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2003, 2004 ప్రాంతంలో మన గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో ఏడాదిపాటు ఎవరు దేనివల్ల చనిపోయారో ఇంటింటికీ వెళ్ళి తెలుసుకున్నారు. అన్నిటికంటే ఎక్కువ మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే. 32 శాతం. అంటు రోగాలవల్ల పోయినవారు అందులో సగం కూడా లేరు. ఆ ఊళ్ళలోనూ "మంచి చావు"లు ఎన్ని ఉండి ఉంటాయో అని నాకు అనిపిస్తుంది.

2004లో 52 దేశాలలో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. దానిని నడిపినది మన దేశంలో పుట్టిన డాక్టర్ సలీం యూసుఫ్ గారు. మొదటిసారి గుండెపోటు వచ్చే ప్రమాదంలో దాదాపు 90 శాతానికి తొమ్మిది కారణాలే మూలమని అందులో చెప్పారు. పొగ, కొవ్వు పదార్థాల తేడా, బి.పి., షుగరు, పొట్ట, మనోవేదన, పండ్లు కూరగాయలు తినకపోవడం, వ్యాయామం లేకపోవడం, మద్యం సంగతి. ఇంకొక విషయం కూడా తేలింది. ఇతర దేశాలవారికంటే మన ప్రాంతపు దేశాలవారికి గుండెపోటు సుమారు ఐదారేళ్ళు ముందే వస్తున్నది.

ఇందులో నేను మా విద్యార్థినులకు తప్పకుండా చెప్పే లెక్క ఒకటుంది. పొగతాగే అలవాటు ఒక్కటే ఉంటే ప్రమాదం సుమారు 3 రెట్లు. షుగరు ఒక్కటే ఉంటే రెండున్నర రెట్లకు కొంచెం తక్కువ. బి.పి. ఒక్కటే ఉంటే దాదాపు 2 రెట్లు. మూడూ ఒక మనిషిలోనే ఉంటే? మూడు, రెండున్నర, రెండు కలిపి ఏడున్నర అనుకుంటాం. వచ్చినది 13 రెట్లు. అవి ఒకదానికొకటి కూడుకోవు, హెచ్చుకుంటాయి. అందుకే "నాకు బి.పి. కొంచెమే, షుగరు బోర్డర్లోనే, సిగరెట్లు రోజుకు రెండే" అని మూడిటినీ విడివిడిగా చెప్పి నవ్వే మనిషిని చూస్తే నాకు భయం. రోజుకు ఒక్క సిగరెట్టు తాగినా, ఇరవై తాగేవారికి పెరిగే గుండె ప్రమాదంలో దాదాపు సగం వస్తుందని తరువాత తెలిసింది. ఈ విషయంలో తగ్గించడం చాలదు, మానాలి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏదీ మినహాయింపు కాదు. ఉత్తరాంధ్ర వైపు అడ్డపొగ తాగే అవ్వలను "పొగాకు అలవాటుందా?" అంటే "లేదమ్మా" అంటారు. చుట్ట వాళ్ళ లెక్కలో అలవాటు కిందికి రాదు!

ఇక మీ లెక్క మీరు ఎలా చూసుకోవాలో చెబుతాను.

మొదట కుటుంబం. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని 55 ఏళ్ళలోపు, తల్లికి గాని అక్కచెల్లెళ్ళకు గాని 65 ఏళ్ళలోపు గుండెపోటు వచ్చి ఉంటే అది మీ లెక్కలోకి వస్తుంది. తొంభై ఏళ్ళ తాతగారికి వచ్చినది అంత లెక్క కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. "గ్యాస్ పట్టేసి పోయాడు", "కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు", "నిద్రలో పోయాడు" అనే మాటలు వస్తే అప్పుడు ఆయన వయసు ఎంతో అడిగి రాసుకోండి. హఠాత్తుగా పోయినవన్నీ గుండెపోట్లే అని నేను అనను. కానీ డాక్టరుగారికి ఆ మాట తెలియాలి. నాన్నది మంచి చావే అనుకుందాం, మాకు అభ్యంతరం లేదు. పిల్లలు మాత్రం పరీక్ష చేయించుకోవాలి.

బి.పి. గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఇది నా పని కాబట్టి. ఆటో దిగి పరుగున వచ్చి, లైనులో ఎవరో ముందుకు దూరారని తగవుపడి, ఆ ఆయాసంలోనే చేయి చాపితే వచ్చే అంకెను నమ్మలేము. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. వీపు ఆనించాలి, కాళ్ళు నేలమీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. అంతకుముందు అరగంటలో కాఫీ, టీ, పొగ వద్దు. పట్టీ చొక్కా చేతి మీద కట్టనివ్వకండి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకూడదు. మాతో కూడా! ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడమని అడగండి. మా అమ్మాయిలు హడావుడిలో ఉంటే విసుక్కోవచ్చు. ఫరవాలేదు, నా పేరు చెప్పండి. వేర్వేరు రోజులలో చూసినా 140/90, అంతకు పైన ఉంటే అది బి.పి. జబ్బు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు కాబట్టి నాకు బి.పి. లేదు అనుకోవద్దు. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. మా తమ్ముడికీ ఏమీ లేదు.

నడుము కొలతకు దర్జీ టేపు చాలు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు నడిమధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. ప్యాంటు బెల్టు పెట్టే చోటు, లంగా బొందు కట్టే చోటు కాదు. అక్కడ కొలుచుకుని సంతోషించేవాళ్ళను చూస్తుంటాను. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే మన దేశస్థులకు అది ఎక్కువే. చేతులు కాళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు ఉన్నవారు బరువు కాటా చూసుకుని మోసపోతారు.

పరగడుపున షుగరు 126, అంతకు మించితే షుగరు జబ్బు అనుమానించి మళ్ళీ చూసి నిర్ధారించుకోవాలి. 100 నుండి 125 మధ్య ఉంటే "బోర్డరు" అని తీసిపారేయకండి, జాగ్రత్తపడే సమయం అదే. మూడు నెలల సగటు చూపే పరీక్షలో అయితే 6.5 అంకె గుర్తుంచుకోండి.

ఆడవారి సంగతి వేరేగా చెప్పాలి. గుండెజబ్బు మగవాళ్ళది అనే అపోహ మన సంఘాలలో బాగా ఉంది. స్త్రీల సమాజంలో అడిగితే అందరికీ భర్త బి.పి. మాత్ర పేరు తెలుసు, తమ బి.పి. ఎంతో తెలియదు. గర్భవతిగా ఉన్నప్పుడు బి.పి. పెరిగి కాళ్ళు వాచి, ఫిట్స్ వస్తాయేమో అని పెద్దాసుపత్రికి పంపినవారు, గర్భంలో షుగరు వచ్చినవారు, 40 ఏళ్ళకే నెలసరి ఆగిపోయినవారు, మీకు ముందుముందు గుండె ప్రమాదం ఇతరులకంటే ఎక్కువ. కాన్పు అయిపోయింది, బిడ్డ క్షేమం, ఇక ఆ కాగితాలెందుకు అని పారేస్తాం. నేనూ అంతే చేశాను. నా రెండో కాన్పులో షుగరు వచ్చింది, తరువాత తగ్గింది. మర్చిపోయాను. 44వ ఏట మా ల్యాబులో కొత్త యంత్రం వస్తే, సరదాగా వేలు ఇచ్చి చూపించుకుంటే 188! నర్సుకే ఇలా ఉంటే మిమ్మల్ని ఏమనగలను?

కొలెస్టరాల్ దగ్గర ఒక్క మాట. ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నవారు లైపోప్రోటీన్ ఎ అనే పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. అది తల్లిదండ్రుల నుండి వచ్చేది, తిండితో పెద్దగా మారదు. మామూలు కొలెస్టరాల్ పరీక్షలో కనిపించదు. సాధారణంగా జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. మా తమ్ముడికి ఎవరూ చేయించలేదు. సన్నటి మనిషికి కొలెస్టరాల్ ఏమిటి అని నేను కూడా అనేదాన్నేమో.

ఈ అంకెలన్నీ కలిపి చూడడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రంగుల పట్టికలు ఇచ్చింది. వయసు, ఆడా మగా, పొగ, షుగరు, పై బి.పి., కొలెస్టరాల్ చూసి, రాబోయే పదేళ్ళలో గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చే అవకాశం ఎంతో చెబుతుంది. ఆకుపచ్చ అయితే 5 శాతం లోపు, పసుపు అయితే 10 లోపు, నారింజ 20 లోపు, ఆపైన ఎరుపు. పది శాతం అంటే మీలాంటి వారు నూరుమంది ఉంటే పదేళ్ళలో పదిమందికి వస్తుంది. ఆ పదిమందిలో మీరున్నారా అనేది ఎవరూ చెప్పలేరు. కానీ ఒక లోపం ఉంది. ఆ పట్టికలో తండ్రి సంగతి అడగరు. మా తమ్ముడి అంకెలు వేసి చూస్తే వాడు బహుశా పసుపు దాటేవాడు కాదు. పట్టిక చూసి "ఫరవాలేదు" అనేవారికి, "మా నాన్న 52కే పోయారండి" అని మీరే చెప్పాలి.

ఆశా కార్యకర్త 30 ఏళ్ళు దాటిన వారి ఇంటికి వచ్చి నింపే కాగితంలో మాత్రం ఆ ప్రశ్న ఉంది. వయసు, పొగాకు, మద్యం, నడుము, వ్యాయామం, కుటుంబంలో జబ్బులు అని మార్కులు వేస్తారు. నాలుగు దాటితే త్వరగా పరీక్షలకు వెళ్ళాలి. ఆ అమ్మాయి టేపు పట్టుకుని వస్తే "తరువాత రా" అని పంపేస్తున్నామని విన్నాను. ఆమె అడిగేది మీ ఇంటి రహస్యం కాదు, కూర్చోబెట్టి నిజం చెప్పండి.

డబ్బున్న కుటుంబాలలో మరొక రకం. పట్నం వెళ్ళి ప్యాకేజీ పరీక్షలన్నీ చేయించుకుని, ఫైలు బీరువా మీద పెడతారు. "ఇ.సి.జి. నార్మల్, నాకేమీ లేదు" అంటారు. ఇ.సి.జి. ఆ నిమిషంలో గుండె ఎలా కొట్టుకుంటోందో చూపుతుంది. పదేళ్ళ ప్రమాదం అందులో కనబడదు. ఇంకొందరు మాత్రలు వాడాక బి.పి. 126కు దిగితే, "నార్మల్ వచ్చింది కదా" అని మానేస్తారు. మాత్ర వల్లనే దిగిందమ్మా!

మొన్న ఒక పెద్దాయన నాతో, "ఇవన్నీ తెలుసుకుంటే భయమే గాని ఏముంది? మన రోజులు దేవుని చేతిలో ఉన్నాయి" అన్నారు. ఆయన మాట కాదనను. కానీ అదే పెద్దాయన పొలానికి మందు కొట్టే ముందు మట్టి పరీక్ష చేయిస్తారు, ట్రాక్టరుకు ఇన్సూరెన్సు కడతారు. భయం నిజమే. 154/98 చీటీ చూసి మా తమ్ముడు భయపడి ఉంటే నా దగ్గరకు వచ్చి ఉండేవాడు. వాడికి ఎవరూ భయపడేటట్టు చెప్పలేదు. ఆ తప్పు కొలిచినవారిది, అంటే మాది. బి.పి. చూసి, కార్డు మీద గిలికి, "తరువాత ఎవరు?" అని పిలిచే అలవాటు మా వృత్తిలో ఉంది. ఎంత రద్దీ ఉన్నా అంకెను పైకి చదివి చెప్పాలని, అది ఎక్కువో తక్కువో, మళ్ళీ ఎప్పుడు రావాలో రాయాలని మా వార్డులలో పట్టుబడుతున్నాను. కొందరు సిస్టర్లకు కోపం వస్తోంది. రానివ్వండి. చెప్పకపోతే మీరు అడగండి.

మా తమ్ముడికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి 27. వాడి బి.పి. 136/86 వచ్చింది. ఆ వయసుకు అది నాకు నచ్చలేదు. డాక్టరుగారికి చూపించి, ఉప్పు చేప, ఊరగాయ, అప్పడాలు తగ్గించి, సాయంత్రం షటిల్ ఆడుతున్నాడు. మూడు నెలలకొకసారి అంకె ఫోనులో పంపుతాడు. చిన్నవాడు మాత్రం "అత్తా, నీకు ఎప్పుడూ ఇదే గోల" అని తప్పించుకు తిరుగుతున్నాడు. వాడి కాగితంలో తాతయ్య 52, నాన్న 46 అని రాసి, మిగతా గడులు ఖాళీగా ఉంచాను.

అలాంటి కాగితాలు ఓ.పి. కిటికీ దగ్గర పెట్టాము. కుటుంబానికి ఒకటి ఉచితం. చదువు రానివారు నోటితో చెబితే మేమే రాస్తాము. ఇంట్లో పాత చీటీలు, కాన్పు కార్డులు, ఎక్కడో శిబిరంలో ఇచ్చిన తుండు కాగితాలు ఏవి ఉన్నా పారేయకుండా సంచిలో వేసుకుని తీసుకురండి. మధ్యాహ్నం ఒంటిగంట లోపు అయితే నేను ఓ.పి.లోనే ఉంటాను, ఆ తరువాత వార్డులలో అడగండి.